మాఘ పౌర్ణమికి నేను చెప్పిన మాట

ముప్పై రెండేళ్ళ పాటు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పినవాణ్ణి నేను. సాలూరులో మొదలై శ్రీకాకుళంలో రిటైరయ్యాను. పని చేసిన ప్రతి ఊళ్ళోనూ నోటి దురుసు మాస్టారనే పేరు తెచ్చుకున్నాను. పరీక్షల ముందు వేలికి పగడపుటుంగరం పెట్టుకొచ్చిన కుర్రాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, "ఒరే, నీ పక్కన కూర్చున్న బండోడు నిన్ను లాగినంత కూడా కుజుడు లాగడు. నమ్మకపోతే లెక్క కట్టు" అని సుద్దముక్క చేతికిచ్చేవాణ్ణి. పాపం, చెమటలు కక్కుతూ కట్టేవాడు. మర్నాటికి ఆ ఉంగరం ఉండేది కాదు. కనీసం నా క్లాసులో ఉండేది కాదు.

అలాంటివాణ్ణి, రిటైరయిన రెండేళ్ళలోపే, వాట్సాప్ గ్రూపులో పౌర్ణమి ఫలాలు చెప్పేవాణ్ణయ్యాను. ఎందుకయ్యానో తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, చెప్పి తీరాలి.

మా నాన్న శ్రీకూర్మంలో కోవెల కైంకర్యం చేసుకుంటూ చుట్టుపక్కల ఊళ్ళకి తిథీ నక్షత్రం చూసి చెప్పేవాడు. పెళ్ళిళ్ళు, శంకుస్థాపనలు, పడవ కొత్తగా నీళ్ళలోకి దింపడాలు, అన్నిటికీ మా అరుగు మీదకే వచ్చేవారు. ఒక్కదానికి మాత్రం చూసేవాడు కాదు. ఎవరైనా జబ్బు పేరెత్తి, ఆస్పత్రికి ఏ రోజు మంచిదని అడిగితే పంచాంగం మూసేసి లేచిపోయేవాడు. "ముందు మనిషిని తీసుకెళ్ళండి, నక్షత్రం సంగతి నేను చూసుకుంటాను" అనేవాడు. కాదూ కూడదని బతిమాలితే గుమ్మం దిగమనేవాడు. పురిటి నొప్పులొస్తున్న కోడల్ని బండిలో పెట్టుకుని దశమి ఘడియలు అడగడానికి వచ్చిన ఒక పెద్దమనిషిని చేతికర్ర పుచ్చుకుని తరమడం నా కళ్ళతో చూశాను. అప్పుడు నాకు పదేళ్ళు. నాన్నకి పిచ్చెక్కిందనుకున్నాను.

నాన్న పోయాక ఆ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. మళ్ళీ తీసింది రిటైరయ్యాకే. అంతవరకు పొద్దుట లేస్తే ఫోను మోగుతూనే ఉండేది. ప్రాక్టికల్సనీ, ఇన్విజిలేషననీ, ఎవరో ఒకరు. రిటైరయిన మూడో నెలకి గ్యాసు బుకింగు మెసేజీలు తప్ప ఇంకేం రాలేదు. నేను పాఠం చెప్పిన పిల్లలు బజారులో ఎదురై నమస్కారం పెట్టి, తొందరగా వెళ్ళిపోయేవారు. అంతమందిని తిట్టినవాడికి మరేం జరుగుతుంది? కానీ అప్పుడు అలా అనుకోలేదు. లోకానికి కృతజ్ఞత లేకుండా పోయిందనుకున్నాను.

అలాంటి రోజుల్లో పక్కింటాయన మొహమాటపడుతూ గృహప్రవేశానికి తిథి అడిగాడు. ఖాళీగా ఉన్నాను కదా అని బీరువా తీశాను. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని చూసిన విద్యే, చేతికి సులువుగానే వచ్చేసింది. ఆయన వాళ్ళ తమ్ముడికి చెప్పాడు, తమ్ముడు వియ్యంకుడికి చెప్పాడు. ఆరు నెలలు తిరిగేసరికి నా పేరు మీద ఒక గ్రూపు, అందులో రెండొందల పైచిలుకు మంది. ప్రతి పౌర్ణమికీ ముందు రాశివారీగా ఫలాలు రికార్డు చేసి పెట్టేవాణ్ణి. కింద వరసగా దణ్ణాల బొమ్మలు పడేవి. అవి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఇక్కడ అబద్ధమాడి ప్రయోజనం లేదు, నిజంగానే లెక్కపెట్టుకునేవాణ్ణి.

మా ఆవిడ నన్ను చూసి, "ఫిజిక్సు మాస్టారికి ఏటైందో, ఎవరికైనా చూపించాలి" అనేది. నేను వినబడనట్టు ఊరుకునేవాణ్ణి.

ఈమధ్యనే ఒక మాఘమాసంలో జరిగింది ఇది. ఆకాశంలో ఆరు గ్రహాలు ఒకే వరసలోకి వస్తున్నాయని, దానికి తోడు పౌర్ణమి కలుస్తోందని ఫోన్లలో ఒకటే గోల. భూకంపాలన్నారు, రాజ్యాలు తలకిందులవుతాయన్నారు, నాలుగు రాశులవాళ్ళు ఇల్లు కదలొద్దన్నారు. చీకటి పడుతూనే డాబా ఎక్కి నేనూ చూశాను. పడమట శుక్రుడు ధగధగలాడుతున్నాడు, నడినెత్తిన గురుడు, తూర్పున ఎర్రగా కుజుడు. చాలా అందంగా ఉంది. గ్రహాలెప్పుడూ ఆకాశంలో ఒకే దారి వెంట నడుస్తాయి కనక వరసలో కనబడ్డం వింతేమీ కాదని నాకు తెలుసు. ఆ ఆరింటిలో రెండు గ్రహాలు కంటికి కనబడవు, మా నాన్న పంచాంగంలో వాటి పేర్లే లేవు. ఇదంతా గ్రూపులో చెప్పాల్సినవాణ్ణి నేనే. చెప్తే ఆ దణ్ణాల బొమ్మలు పడతాయా?

అందుకని ఎవరిదో వీడియోలోంచి నాలుగు ముక్కలు ఎత్తి నా మాటల్లోకి మార్చుకున్నాను. "గ్రహకూటమి ప్రభావం తీవ్రంగా ఉన్నందున పౌర్ణమి దాటే వరకు కొత్త పనులు, దూరప్రయాణాలు, శస్త్రచికిత్సలు వాయిదా వేసుకోవడం శ్రేయస్కరం" అని పెట్టాను. శ్రేయస్కరం అనే మాట వెతుక్కుని మరీ రాశాను.

ఆ వారం నా ఫోను చల్లబడలేదు. మేనల్లుడి కొత్త బైకు ఇప్పుడు తీసుకోవచ్చా, ఎచ్చెర్లలో అమ్మాయికి యూనివర్సిటీ ఇంటర్వ్యూ ఉంది వెళ్ళనియ్యాలా, కోళ్ళఫారం షెడ్డు పైకప్పు వెయ్యొచ్చా. అందరికీ ఒకటే జవాబు, పౌర్ణమి వెళ్ళనీ. అంత తేలికైన ఉద్యోగం నేను జన్మలో చెయ్యలేదు.

పౌర్ణమి ఇంకా ఆరు రోజులుందనగా పొందూరు నుంచి ఒకావిడ ఫోను చేసింది. ఆవిడ మాకు కొత్త మనిషి కాదు. ఆవిడ నూలు వడుకుతుంది, వాళ్ళాయన నేస్తాడు. మా నాన్న ఒంటి మీద వాళ్ళింటి పంచ తప్ప ఇంకోటి ఉండేది కాదు. ఆయన తరవాత నేనూ అవే కట్టాను. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఆవిడ తీసే దారం ఎంత సన్నంగా ఉంటుందంటే, ఎండకి ఎదురుగా పట్టుకుంటే తప్ప నాకు కనబడేది కాదు. ఆవిడకి మాత్రం దీపం వెలుతుర్లో కూడా కనబడేది. యాభై దాటినా కళ్ళజోడు లేదని గొప్పగా చెప్పుకునేది.

ఆవిడ ఫోను చేసేసరికి నేను గ్రూపు కోసం ధనుస్సు పూర్తిచేసి మకరరాశి రికార్డు చేసుకుంటున్నాను. అప్పటికే రెండు మూడు సార్లు మోగితే కట్ చేశాను. మళ్ళీ మోగితే విసుగ్గానే ఎత్తాను.

"బాబూ, నాను పొందూరు నుంచి. కంట్లో మెరుపులొస్తన్నాయి, నల్లగా ఏటో తెర దిగినట్టున్నాది. సికాకులంలో డాక్టరు సూసీసి, ఇశాపట్నం ఎల్లి ఆపరేషను సేయించుకోమన్నాడు. బేగి ఎల్లమన్నాడు. ఈ గ్రహాలేటో బాగునేవంట కదా. ఎల్లమంటారా, పున్నమి ఎల్లనిమ్మంటారా?"

మాటకి మాట నాకు గుర్తుంది. అప్పుడు సగమే విన్నా, తరవాత ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మెరుపులంది. తెర అంది. బేగి అంది. మూడూ చెప్పింది. క్లాసులో ఒక్క మాటకి పది ప్రశ్నలు వేసేవాణ్ణి, ఒక్కటి అడగలేదు. కంటి ఆపరేషనంటే శుక్లాలే అయుంటాయనుకున్నాను. శుక్లాలకి వారం ఆగితే ఏం పోతుంది? పంచాంగం ఎదుటే ఉంది, అదీ తెరవలేదు.

"పౌర్ణమి దాటాక వెళ్ళమ్మా. కత్తి పడే పనికి ఇప్పుడు మంచిది కాదు" అన్నాను.

"అలగేనా బాబూ?" అంది.

"అలాగే" అని పెట్టేసి మకరరాశి అందుకున్నాను. రెండు నిమిషాలైనా పట్టలేదు మొత్తం.

పౌర్ణమి నాటి సాయంత్రం చంద్రుడు పళ్ళెమంత వచ్చాడు. డాబా మీద నిలబడి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అంతా క్షేమంగా గడిచిందని, మీ అందరి దణ్ణాల ఫలమని రాశాను. పొందూరావిడ సంగతి గుర్తే రాలేదు. రానందుకే ఇప్పుడు నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

నెల్లాళ్ళ తరవాత వాళ్ళాయన శ్రీకాకుళం వచ్చి, దార్లో మా ఇంటికొచ్చాడు. నిలబడే చెప్పాడు. పౌర్ణమి వెళ్ళిన మర్నాడే విశాఖపట్నం వెళ్ళారట. కంటి వెనకాల పొర ఊడిపోయిందన్నారట. వారం ముందు, కొద్దిగా ఊడినప్పుడు వచ్చుంటే అతికించి చూపు నిలబెట్టేవాళ్ళం అన్నారట. ఆపరేషను చేశారు. కుడికంటికి వెలుతురు తెలుస్తుంది, అంతే. మనిషి ఆనడు.

"సరేలెండి బాబూ, రాత" అన్నాడు ఆయన. "మీరు సెప్పినట్టే సేసినాం. ఇంకా ముందెల్తే రొండో కన్ను కూడా పోయుండీదేమో, ఎవులికి తెలుసు."

నేను అవునన్నట్టు తలూపాను. ఆ తలూపు నేను చేసిన రెండో తప్పు. మొదటిదానికి తెలియదనైనా చెప్పుకోవచ్చు, దీనికి అదీ లేదు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, "ఆవిడ ఫోను చేసినప్పుడు ఏం చెప్పారు?" అంది.

"పౌర్ణమి దాటాక వెళ్ళమన్నాను."

"కన్ను అని చెప్పిందా?"

"చెప్పింది."

మా ఆవిడ వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అనుంటే బాగుండేది. నేనూ ఎదురు చెప్పి, కాసేపు కేకలేసుకుని, అన్నం తినేవాణ్ణి.

ఆ తరవాత నేను చేసిన పనులన్నీ దొంగపనులే. కంటిపొర గురించి దొరికినదల్లా చదివాను. కొందరికి వెంటనే చేసినా చూపు రాదని ఒకచోట కనబడితే, దాన్ని పట్టుకుని రెండు రోజులు హాయిగా ఉన్నాను. మూడో రోజు మళ్ళీ ఆ మూడు మాటలు. వయసు అయుండొచ్చు, వంశంలో ఉండొచ్చు అని సర్దిచెప్పుకున్నాను. చంద్రుడి మీద కూడా పెడదామని చూశాను. చంద్రుడు ఎంత లాగుతాడో నాకు తెలుసు. కళింగపట్నంలో పున్నమి పోటు చూపించడానికి పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళినవాణ్ణి. సముద్రాన్ని లాగుతాడు, పొందూరులో ఒక ఆడమనిషిని ఇంట్లో కూర్చోబెట్టడు. కూర్చోబెట్టింది నేను.

నాన్న గుర్తొచ్చేవాడు. ఫిజిక్సు చెప్పినవాడిగా నేనా మాట అనకూడదు, నాన్న కొడుకుగానూ అనకూడదు. చేతికర్ర పుచ్చుకుని ఆయన తరిమిన పనే నేను ఆయన పుస్తకం ముందు కూర్చుని చేశాను. రెండు చదువుల్లో ఏ ఒక్కటి సరిగ్గా వచ్చినా ఆవిడ కన్ను నిలబడేది.

గ్రూపు మూసేశాను. "ఆరోగ్య కారణాల వల్ల ఇకపై ఫలాలు చెప్పలేను" అని పెట్టాను. అదీ అబద్ధమే. త్వరగా కోలుకోవాలని మళ్ళీ వరసగా దణ్ణాల బొమ్మలు పడ్డాయి. మాస్టారికి ఏలినాటి శని పట్టిందని బజారులో అనుకున్నారట. పట్టుంటే బాగుణ్ణు, నింద దాని మీద వేసేవాణ్ణి.

ఉగాది వెళ్ళిన వారానికి పొందూరు నుంచి ఒక పొట్లం వచ్చింది. విప్పితే పంచ. మాఘం ముందు తను వడికిన నూలు మిగిలుంటే, అందులో మాస్టారి కోసమని వాళ్ళాయన చేత నేయించి పంపింది. మళ్ళీ అంత సన్నం నూలు తియ్యలేనని, ఇదే ఆఖరిదని తెచ్చినతను చెప్పాడు. డబ్బు వద్దందట.

మా ఆవిడ దాన్ని మంచం మీద పరిచి, చేత్తో ఒకసారి నిమిరి, "కట్టుకోండి. పున్నమికి కట్టుకుంటే ఇంకా బాగుంటాది" అంది. నేను ఆ పంచని ముట్టుకోలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. చిలకపాలెంలో దిగి పొందూరు ఆటో పట్టుకున్నాను. ఏం చెప్పాలో దారంతా పాఠంలా వల్లె వేసుకున్నాను. క్షమించమనకూడదు, క్షమించేస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పాలి. పంచాంగం చూళ్ళేదు, నీ మాట సగమే విన్నాను, ఆ కూటమీ గీటమీ నేను నమ్మను కూడా నమ్మను అని చెప్పాలి. నా మీద కోపం తెచ్చుకునే హక్కు ఆవిడకుందని ఆవిడకి తెలియాలి. అంతవరకు అనుకున్నాను.

ఆవిడ వసారాలో చాప మీద కూర్చుని చేప దవడతో పత్తి దువ్వుతోంది. రాట్నం లోపల మూలకి జరిపేశారు. పత్తి దువ్వడానికి చూపు అంత అక్కర్లేదట, వేళ్ళకే తెలిసిపోతుందట. వడకడం మాత్రం ఇప్పుడు పక్కింటి అమ్మాయి చేస్తోంది. ఆ పిల్ల దారం మాటిమాటికీ తెగుతోందని ఆవిడ నవ్వింది. నన్ను గుర్తుపట్టడానికి మొహం మొత్తం ఎడమకంటి వైపు తిప్పింది.

"ఏటి బాబూ, కబురైనా సెయ్యకుండా ఒచ్చీసినారు? కూకోండి."

చాప మీదే కూర్చున్నాను. వల్లె వేసుకున్నదంతా చెప్పేశాను. ఒక్క ముక్క వదల్లేదు. కట్ చేసిన ఫోన్లు, మకరరాశి, దణ్ణాల లెక్క, వాళ్ళాయన ముందు తలూపడం, అన్నీ. చెప్తుంటే నా గొంతు నాకే క్లాసులో దొరికిపోయిన కుర్రాడి గొంతులా వినిపించింది. ఆవిడ దువ్వడం ఆపలేదు. నేను ఆపాక కూడా కాసేపు దువ్వుతూనే ఉంది. వాళ్ళాయన మగ్గం గుంటలోంచి తల బయటికి పెట్టి విని, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. మగ్గం చప్పుడు మాత్రం రాలేదు.

"పుస్తకం సూడనేదా?" అంది చివరికి.

"చూళ్ళేదమ్మా."

"పోన్లెండి" అంది. తరవాత చేతిలో పత్తి కింద పెట్టింది. "ఒక మాట సెప్తాను, మీరేటీ అనుకోకండి. నాకు ఆపరేషనంటే సచ్చీ బయం. మా యమ్మ ఆపరేషను బల్ల మీదే పోనాది. ఈయనేమో ఎల్దామంటాడు, నానేమో రానంటాను. పొద్దుట నుంచీ ఇంట్లో ఒకటే గొడవ. ఆకరికి నానే అన్నాను, మాస్టారికి ఫోను సేస్తాను, ఆయన ఎల్లమంటే ఎల్తానని. ఎల్లమంటారని నాకు తెలుసు బాబూ. సిన్నప్పట్నుంచి సూస్తన్నాను కదా మిమ్మల్ని. ఎవులైనా ఇలాటివి అడిగితే ఏకి పీకీసినట్టు తిడతారు. నన్నూ అలగే తిడతారు, ఆ తిట్లు తినీసి ఎక్కీదావని."

"ఎక్కడికి ఎక్కడం?" అన్నాను. నాకు అర్థం కాలేదు.

"బండి. ఇశాపట్నం ఎల్లడానికి కారు మాటాడీసినాడు కదా ఈయన. అది ఒచ్చీసి గుమ్మంలో ఉన్నాది. సంచి దాంట్లో పెట్టీసినాం. నాను సీర కట్టీసుకుని, కారు తలుపు పట్టుకునే మీకు ఫోను సేసినాను. మీరు ఎత్తనేదు. మల్లీ సేసినాను. గంటసేపు అలగే నిలబడ్డాను."

మగ్గం గుంటలోంచి వాళ్ళాయన దగ్గాడు. ఇంకేం చెప్పొద్దని ఆ దగ్గు. ఆవిడ అటు తిరగలేదు.

"నేను వద్దన్నాక ఏం చేశారు?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఏటి సేస్తాం బాబూ? సంచి దింపీసుకున్నాం. అంతసేపు ఆగినాడు కదాని, డ్రైవరుకి టీ ఇచ్చి పంపించీసినాం."